సముద్రపు గాలివాన – గృహిణి కర్తవ్యము

మేముండు జగదేవ్‌పూరు సిద్దిపేట జిల్లాలోనిది. ఇచ్చటినుండి సముద్రమునకు రెండు వందల కిలోమీటర్లకు మించిన దూరము గలదు. చెఱువుగట్లు, పత్తిచేలు, సీతాఫలపు తుప్పలు – ఇవియే మా కన్నులకు నిత్యము గోచరించునవి. ఇట్టి మెట్టసీమలో నుండి మేము సముద్రమును గుఱించి వ్రాయబూనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. అయినను ఇందుకు రెండు కారణములు గలవు. సముద్రముపై బుట్టిన గాలివాన సముద్రముతో నాగిపోదు. 2025వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురము చెంత తీరము దాటెను. అంత మా జిల్లాలోని హుస్నాబాదు వైపున రైతులు ఆరబోసికొనిన వడ్లు వాననీటిలో గొట్టుకొనిపోయెను. ఇది మొదటి కారణము. ఇక రెండవది – మా యజ్ఞానమువలన మా బిడ్డలకు రాదగిన ఆపద యొకటి ఒక పల్లెకారుల యిల్లాలి వివేకముచే దప్పిపోయెను. ముందుగా ఆ సంగతి విన్నవించెదము.

చిన్ననాట మా తండ్రిగారు మాకు ఇంటనే భారత భాగవతములును, కొన్ని ప్రబంధములును జెప్పిరి. సముద్రము రత్నముల కాకరమనియు, చంద్రుని జూచి పొంగుననియు, చెలియలికట్ట దాటదనియు నేర్చితిమి. కాని ఆ నీటిపై పడవ నడుపువాడు ఏ గాలికి వెఱచునో, ఏ యలను నమ్మడో మే మెన్నడును చదివి యుండలేదు.

కొన్నేండ్ల క్రిందట ఉగాది సెలవులలో మా వారు, పిల్లలు, మేము కృష్ణాజిల్లాలోని హంసలదీవికి బోతిమి. వేణుగోపాలస్వామిని సేవించుకొని, మఱునా డుదయమున పాలకాయతిప్ప యొడ్డునకు జేరితిమి. ఆకాశమున మబ్బుతునక లేదు. ఆకు కదలునంత గాలియు లేదు. ఒక నావికుని బిలిచి, నదీముఖము వఱకు పడవలో దీసికొని పొమ్మని యడిగితిమి. అతడు నీటివైపు జూచి, “గాలి లేదు గాని అమ్మగారూ, నీళ్ళలో బరువుంది. ఈ పూట పడవ దింపనండీ” అనెను. ఎక్కువ పైకము కొఱకే ఇట్లనుచున్నాడని మేము తలచితిమి. మా వారు రెట్టింపు ఇచ్చెదమనిరి. అతడు తల యడ్డముగా నూపెను. అంతలో వల బాగుచేసికొనుచున్న యతని భార్య తలయెత్తి, “ఆయన్ని అడిగి లాభం లేదమ్మా. పొద్దున్నే ఫోనులో కబురు చూసింది నేను. నిన్నటిదాకా అమావాస్య, పైగా దక్షిణాన్నించి పెద్ద అల వస్తందంట. నేను వద్దంటే ఆయన పోడు” అని చెప్పెను.

మాకు గొంత చిన్నతనముగా దోచి, ఒడ్డుననే కూర్చుంటిమి. గంట గడవకముందే, గాలి యేమియు హెచ్చకయే, అలలు ఒకదాని వెనుక నొకటి యెత్తుగా రాసాగెను. పిల్లలు చెప్పులు విడిచిన మెఱక మునిగిపోయెను. కట్టి యుంచిన చిన్న తెప్ప నొక యల యెత్తి దూరముగా నిసుకపై బడవైచెను. మేము పోదలచిన నదీముఖమున తెల్లని నురుగు గోడవలె లేచుచుండుట కంటబడెను. ఆ యిల్లాలు మఱల మా వైపు చూడనైన జూడలేదు. తన పనిలో దానుండెను. అప్పుడు మా గుండె చల్లబడినది. నాటినుండి మేము ఈ విషయమును శ్రద్ధతో దెలిసికొనుచున్నాము.

అలలకు దల్లి గాలి. గాలి ఎంత వడిగా, ఎంతసేపు, ఎంత విశాలమైన నీటిపై వీచునో, అల యంత యెత్తుగా బెరుగును. అచ్చట గాలి తగ్గినను అల చావదు. వేల కిలోమీటర్లు ప్రయాణము చేయును. దక్షిణ హిందూ మహాసముద్రమందలి గాలివాన పుట్టించిన యలలు కొన్నిదినములకు మన తీరములను జేరును. అప్పుడు మన యొడ్డున ఎండ కాయుచుండవచ్చును. కేరళలోని బెస్తవారు దీనిని “కళ్ళక్కడల్” అందురు. దొంగవలె వచ్చు సముద్రమని భావము. వీనిని గుర్తించుట కొక యుపాయము గలదు. ఒక యల వచ్చిన పిదప మఱియొక యల వచ్చుటకు బట్టు కాలమును, రోకటిపోటులు లెక్కించునట్లు, లెక్కింపవలెను. ఇచ్చటి గాలికి బుట్టిన యలలు కొలది సెకండులకే వచ్చును. పదునైదు సెకండులో, అంతకు మించియో యెడమున్నచో నవి దూరమునుండి వచ్చినవి, బలము గలవి.

పోటు, పాటు దినమునకు రెండేసి మారులు వచ్చును; ప్రతిదినము సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకును, పున్నమకును సూర్యచంద్రుల యాకర్షణ యొక్కటియై పోటు హెచ్చును. ఉగాది యనగా అమావాస్య మఱునాడే కదా! ఆనాడు పెద్దపోటును, దూరపు అలయు గలసి వచ్చినవి. నది సముద్రమున గలియు మొగ యన్నిటికంటె అపాయకరము. అచ్చట ఇసుకమేటల వలన లోతు తక్కువ. అల నేలకు దగిలి నిక్కి విఱిగిపడును. పాటు వేళ వెలుపలికి బోవు నీరు లోనికి వచ్చు నలతో నెదుర్కొనగా అల మఱింత నిటారగును. పడవ తిరుగబడుట కది చాలును.

ప్రకటనలలో “అల యెత్తు 2 మీటరులు” అని యున్నచో, అన్ని యలలును రెండు మీటరులే యని తలపరాదు. వచ్చు నలలలో మిక్కిలి పెద్దవైన మూడవవంతు అలల సగటు అది. అందొక యల దాదాపు రెట్టింపు లేవవచ్చును. 1.25 మొదలు 2.5 మీటరుల వఱకు మధ్యమము, 2.5 దాటినచో సముద్రము అల్లకల్లోలమని, 4 దాటినచో మిక్కిలి అల్లకల్లోలమని లెక్క. గాలి వేగమును నాటులలో జెప్పినచో, ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. గాలి వేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగు రెట్లగును. గంటకు 31 కిలోమీటర్లు మొదలు వాయుగుండము, 50 మొదలు తీవ్ర వాయుగుండము, 62 మొదలు తుపాను, 89 మొదలు తీవ్ర తుపాను అని పేరులు.

రేవులలో ఎగురవేయు సూచికలు 1 మొదలు 11 వఱకు గలవు. పగలు గోపురాకృతి, గొట్టపు టాకృతి గల గుర్తులను, రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములను గట్టుదురు. 1, 2 అనగా గాలివాన దూరమున నున్నది. 3, 4 అనగా రేవునకే ముప్పు రావచ్చును. 5, 6, 7 ప్రమాదము. 8, 9, 10 మహాప్రమాదము. 11 అనగా హెచ్చరికలు పంపు కార్యాలయముతో సంబంధము తెగినదని యర్థము. ఈ మూడేసి సంఖ్యలలో భేద మేమనగా – 5, 8 లలో రేవు తుపాను మార్గమునకు ఎడమప్రక్క నుండును. 6, 9 లలో కుడిప్రక్క నుండును. 7, 10 లలో తుపాను రేవుమీదనో, మిక్కిలి చేరువనో దాటును. ఈ భేదము ప్రాణముతో సమానము. మన వైపు తుపానులు గడియారపు ముల్లునకు ఎదురుగా దిరుగును. అందుచే తూర్పునుండి వచ్చు తుపానునకు కుడిప్రక్క, అనగా ఉత్తరపు ప్రక్క, గాలి సముద్రమును నేలమీదికి నెట్టును. ఉప్పెన వచ్చునది ఆ ప్రక్కనే.

ఈ జ్ఞానము మనకు ఊరక రాలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమున ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది మరణించిరి. ఆ యేటి అక్టోబరులోనే కలకత్తాలోను మహోపద్రవము జరిగెను. పిమ్మట 1865లో కలకత్తా రేవున హెచ్చరికల యేర్పాటును, 1875లో భారత వాతావరణ శాఖయు గలిగినవి. 1977 నవంబరు 19న దివిసీమపై సుమారు 5 మీటరుల యుప్పెన పడినది. పదివేలకు బైగా జనులు మృతులైరి. మేము నిలిచిన పాలకాయతిప్ప ఆ దివిసీమలోనిదే. అప్పుడు హెచ్చరిక వెలువడకపోలేదు. కాని అది తీరపు చివరి గుడిసె వఱకు నమ్మదగిన మాటగా జేరలేదు. 1990 మే 9న కృష్ణాముఖమున అంతకంటె దక్కువ గాని గాలివాన వచ్చెను. అప్పుడు లక్షలాది జనులను ముందుగానే తరలించుటచే మృతులు వేయికి లోపుగా నుండిరి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తుపాను తాకినప్పుడు ఒడ్డున నున్నవారికి అందిన మాట సముద్రముపై నున్న పడవలకు అందలేదు. వందలకొలది మత్స్యకారులు మఱల రాలేదు. దీనినిబట్టి తెలియున దేమనగా – హెచ్చరిక పుట్టినంత మాత్రమున చాలదు. అది వినువారి చెవిని, వారి మనస్సును జేరవలెను.

ఇప్పుడు ఆ మాటను పుట్టించు స్థానములలో నొకటి మాకు సమీపముననే యున్నదని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి. 1999లో భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము హైదరాబాదున స్థాపింపబడెను. అలల యెత్తు, దూరపు అలలు, గాలి, ప్రవాహములను గుఱించి ముందుగా జెప్పుట దాని పని. 2004 డిసెంబరు 26నాటి సునామీ పిదప, 2007లో సునామీ హెచ్చరికల కేంద్రమును అచ్చటనే నెలకొల్పిరి. సెల్‌ఫోను అందని దూరమున నున్న పడవలకు ఉపగ్రహము ద్వారా హెచ్చరికలు పంపు జెమిని యను పరికరము 2019లో వెలువడెను. సముద్రమున ఆపద గలిగినచో తీరరక్షక దళమును బిలుచుటకు 1554 అను సంఖ్య గలదు.

ఇక మన కర్తవ్యము. మగవాడు పడవ కెక్కుటకు ముందు ఇంట నున్న స్త్రీ ఆరు సంగతులు చూడవలెను: గాలి వేగము, దిక్కు, అల యెత్తు, దూరపు అలల హెచ్చరిక, పోటుపాటుల వేళ, రేవు సూచిక సంఖ్య. ఎచ్చటికి బోవుచున్నాడో, ఎప్పటికి రావలెనో తెలిసికొని యుండవలెను. ఆ వేళ దాటినచో మొగమాటపడక అధికారులకు దెలుపవలెను. పడవలో ప్రాణరక్షక చొక్కాలు అందఱికి జాలినన్ని యుండవలెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు యంత్రపు పడవల వేటకు నిషేధ ముండును. ఆ రెండు నెలలు పడవను, పరికరములను బాగుచేయించుకొనుటకు దగిన సమయము.

మావంటి మెట్టప్రాంతపు స్త్రీలు విహారమునకు బోయినప్పుడు నావికుడు వద్దన్నచో పైకము జూపి యొత్తిడి చేయరాదు. నీటి సంగతి తెలియకుండుట సముద్రముననే గాదు, ఇంటిచెంతనైనను ముప్పే. 2025 జనవరి 11న మా సమీపమందలి కొండపోచమ్మ సాగరులో విహారమునకు వచ్చిన ఐదుగురు యువకులు మునిగిపోయిరి. ఆ తల్లుల దుఃఖము తలచినప్పుడెల్ల మాకు పాలకాయతిప్పలోని యా యిల్లాలు గుర్తునకు వచ్చును. ఆనాటి యామె సంపాదన మా వారు ఇవ్వజూపిన రెట్టింపు పైకముతో జక్కగా గడచెడిది. ఆమె దానిని విడిచి మా బిడ్డలను గాపాడెను. మేమామె పేరైన నడుగక వచ్చితిమి. ఈ వ్యాసము చదివిన సోదరి యొక్కతెయైనను తన వారిని ఒక్కనాడు వద్దని నిలుపగలిగినచో, ఆ ఋణము గొంత తీరినట్లు భావించెదము.