స్థాపనలో ఫైలు పఠన దోషాలు

ఫైలు పఠన దోషం అనగా, కంప్యూటరులో ఏదైనా సాఫ్టువేరును స్థాపించే సమయంలో, స్థాపక ప్రోగ్రాము తనకు కావలసిన ఫైలును మూలమాధ్యమం నుండి చదవలేకపోవడం, లేదా చదివిన సమాచారం సరిగా లేదని గుర్తించి ఆగిపోవడం. ఈ మూలమాధ్యమం సీడీ, డీవీడీ, యూఎస్‌బీ డ్రైవు, హార్డుడిస్కులోని ఒక ఫోల్డరు, నెట్‌వర్కులోని మరొక కంప్యూటరు - వీటిలో ఏదైనా కావచ్చు. తెరపై సాధారణంగా ఒక ఫైలు పేరు, దానిని చదవలేకపోయినట్లు తెలిపే వాక్యం, ఒక సంఖ్య కనిపిస్తాయి. సందేశంలో పేరున్న ఫైలే పాడైనదని భావించడం సహజం. కానీ ఆ ఫైలు చాలా సందర్భాలలో, మరెక్కడో ఉన్న లోపం బయటపడిన చోటు మాత్రమే.

విండోస్ ఎక్స్‌పీలో తెలుగు స్థాపన

2000వ దశకంలో కంప్యూటరులో తెలుగు చదవదలచిన వారిలో అనేకులకు ఈ దోషం ఎదురయ్యేది. విండోస్ 2000లో భారతీయ లిపులలో దేవనాగరికి, తమిళానికి తోడ్పాటు ఉన్నది గాని తెలుగుకు లేదు. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక వచ్చాయి. అయితే ఇవి అప్రమేయంగా పనిచేసేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ, భాషా ఎంపికలు అనే విభాగాన్ని తెరచి, భాషలు అనే పలకలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన పెట్టెలో టిక్కు పెట్టవలసి ఉండేది. ఇందుకు 10 మెగాబైట్లు లేక అంతకు మించి ఖాళీ స్థలం కావాలని చెప్పి, కంప్యూటరు విండోస్ సీడీని పెట్టమని అడిగేది.

చిక్కంతా ఇక్కడే వచ్చేది. దుకాణంలో విడిభాగాలు కూర్చి ఇచ్చిన కంప్యూటర్లతో పాటు అసలు సీడీ రాకపోవడం సర్వసాధారణం. వచ్చినా అది నకలు సీడీ కావచ్చు, గీతలు పడినది కావచ్చు. పది మెగాబైట్లలో ఒక్క ఫైలు చదవబడకపోయినా పని అసంపూర్తిగా మిగిలేది. పర్యవసానంగా తెలుగు పేజీలలో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. తెలుగు ఖతిని విడిగా తెచ్చి పెట్టుకున్నవారికి అక్షరాలు కనిపించినా, గుణింతాలూ ఒత్తులూ హల్లుతో కలవక విడివిడిగా పడేవి. అక్షరాలను కలిపి కూర్చే పని యూనిస్క్రైబ్ అనే భాగానిది. ఖతి ఒక్కటే ఆ పని చేయలేదు. ఖతిలోనే లోపమున్నదని భావించి ఖతి తరువాత ఖతి మార్చినవారు చాలామంది ఉండి ఉంటారు.

ఈ సందర్భంలో మరొక పొరపాటు తరచు జరిగేది. 2004లో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్ స్థాపించిన కంప్యూటరు, పాత సీడీని పెడితే అంగీకరించక, సర్వీస్ ప్యాక్ గల సీడీని అడుగుతుంది. సీడీలో లోపమేమీ లేదు. అందులోని ఫైళ్ళ కూర్పు పాతది. అటువంటప్పుడు కొత్త సీడీ కొనవలసిన అవసరం లేదు. సర్వీస్ ప్యాక్ తెచ్చిన ఫైళ్ళు విండోస్ ఫోల్డరులోని సర్వీస్‌ప్యాక్‌ఫైల్స్ అనే ఫోల్డరులో, దానిలోపల ఐ386 అనే ఫోల్డరులో సాధారణంగా ఉంటాయి. అడిగిన ఫైలు అక్కడ ఉంటే ఆ దారిని చూపవచ్చు. లేకపోతే సీడీలోని ఐ386 ఫోల్డరును చూపాలి.

2007 జనవరిలో సాధారణ వినియోగదారులకు విడుదలైన విండోస్ విస్టా నుండి తెలుగు తోడ్పాటు ముందే స్థాపితమై వస్తున్నది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. తెలుగు కొరకు సీడీ వెతకవలసిన కాలం పోయింది గాని, పఠన దోషం మాత్రం యూఎస్‌బీ డ్రైవులకూ దిగుమతి చేసుకున్న ఫైళ్ళకూ మారి నేటికీ కొనసాగుతున్నది.

సందేశాల అర్థం

విండోస్ స్థాపక వ్యవస్థలో 1305 అనే సంఖ్య, ఫైలును చదవడంలో దోషమని తెలుపుతుంది. ఫైలు అక్కడ ఉన్నదో లేదో, దానిని తెరచే అనుమతి ఉన్నదో లేదో చూడమని కూడా ఆ సందేశం సూచిస్తుంది. 1335 వస్తే, అనేక ఫైళ్ళను కుదించి ఒకటిగా కట్టిన క్యాబినెట్ ఫైలు పాడైనదని అర్థం. 23 అనే సంఖ్యతో వచ్చేది చక్రీయ శేష పరీక్ష విఫలమైనదని తెలిపే సందేశం.

చక్రీయ శేష పరీక్షను ఒక పోలికతో గ్రహించవచ్చు. కిరాణా పద్దులో చివర మొత్తం వేసి ఉంటుంది. మధ్యలో ఒక అంకె చెరిగిపోయినా, మారిపోయినా, తిరిగి కూడినప్పుడు మొత్తం సరిపోదు. ఏ అంకె మారినదో ఆ మొత్తం చెప్పలేదు. ఏదో మారినదని మాత్రం చెబుతుంది. డిస్కుపై సమాచారాన్ని వ్రాసేటప్పుడు అటువంటి ఒక విలువను లెక్కించి పక్కనే వ్రాస్తారు. చదివేటప్పుడు తిరిగి లెక్కించి పోలుస్తారు.

సీడీలో ఇంతకు మించిన ఏర్పాటు కూడా ఉన్నది. ఒక్కొక్క సెక్టారులో 2352 బైట్లు ఉంటే, వాటిలో వినియోగదారుని సమాచారం 2048 బైట్లు మాత్రమే. మిగిలినవి గుర్తింపుకూ, దోషాలను కనిపెట్టి సరిదిద్దుకోవడానికీ కేటాయించబడినవి. అందువల్లనే చిన్న చిన్న గీతలున్న సీడీ కూడా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. దోష సందేశం వచ్చినదంటే, సరిదిద్దుకునే శక్తిని మించి నష్టం జరిగినదన్నమాట.

దోషం ఎక్కడ ఉన్నదో కనుగొనుట

సందేశాన్ని చదవగానే మూసివేయకుండా, ఫైలు పేరును కాగితంపై వ్రాసుకోవడం మొదటి పని. తరువాత అదే స్థాపనను మరొకసారి నడపాలి. రెండుసార్లూ అదే ఫైలు వద్ద ఆగితే లోపం మూలమాధ్యమంలో ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి ఒక ఫైలు, మరొకసారి వేరొక ఫైలు వద్ద ఆగితే, డ్రైవును, దానిని మదర్‌బోర్డుకు కలిపే కేబులును, ర్యామ్‌ను అనుమానించాలి. పాడైన ర్యామ్ చూపే లక్షణం ఇదే: చదివినది సరైనదే అయినా, మెమరీలో ఉంచినప్పుడు ఒక బిట్టు మారిపోతుంది, నింద సీడీపై పడుతుంది. మెమ్‌టెస్ట్86+ వంటి ప్రోగ్రాముతో ర్యామ్‌ను పరీక్షించవచ్చు. కొన్ని నిముషాలలో దోషం కనబడకపోయినంత మాత్రాన ర్యామ్ మంచిదని తీర్మానించరాదు. రాత్రంతా నడపడం మేలు.

రెండవ పరీక్ష, అదే డిస్కును వేరొక కంప్యూటరులో పెట్టి చూడడం. అక్కడ ఫైళ్ళన్నీ చదవబడితే లోపం మొదటి కంప్యూటరుదే. ఒకే మూలం నుండి పలువురు స్థాపించుకునే చోట ఈ పరీక్షకు వేరే శ్రమ అక్కరలేదు. కడప జిల్లాలో గండి క్షేత్రానికి సమీపంలోని ఇడుపులపాయలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వంటి, విద్యార్థులకు లాప్‌టాపులు ఇచ్చి బోధించిన సంస్థలను ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవచ్చు. పక్క విద్యార్థి లాప్‌టాపులో సక్రమంగా స్థాపితమైన ఫైలు తన లాప్‌టాపులో మొరాయిస్తే, వెతకవలసినది తన లాప్‌టాపులోనే.

దిగుమతి చేసుకున్న ఫైలు విషయంలో మూడవ పరీక్ష ఉన్నది. ప్రచురణకర్తలు ఎండీ5 గాని, షా-256 గాని తనిఖీ మొత్తాన్ని ప్రకటిస్తే, కంప్యూటరులోని ఫైలుకు అదే మొత్తం వచ్చునో లేదో పోల్చాలి. నేటి విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్సులో షా256సమ్ ఆదేశాలు ఇందుకు ఉపకరిస్తాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫైలును తిరిగి దిగుమతి చేసుకోవడమే మార్గం. మధ్యలో కరెంటు పోయి ఆగిన దిగుమతులలో ఈ తేడా తరచుగా కనిపిస్తుంది. 2005 నుండి 2011 వరకు ఉబుంటు సీడీలను ఉచితంగా తపాలాలో పంపే పథకం ఉండేది. ఆ సీడీలలో డిస్కును స్థాపనకు ముందే పరీక్షించే ఎంపిక ఉండేది. దానిని ఉపయోగించినవారు తక్కువ, ఉపయోగించి ఉంటే సగం స్థాపనతో ఆగిన కంప్యూటర్లు కొన్ని తగ్గేవి.

సవరించు విధానాలు

సీడీని మెత్తని, పొడి నూలుగుడ్డతో మధ్య నుండి అంచు వైపు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే, పడే గీత సమాచారం వ్రాసిన దారి వెంట పోయి, ఎక్కువ బైట్లను వరుసగా చెరుపుతుంది. సీడీకి పైవైపు, అనగా పేరు ముద్రించిన వైపు, అసలు ప్రమాదకరమైనదని చాలామందికి తెలియదు. సమాచారపు పొర ఆ వైపున పలుచని లక్క పూత కిందనే ఉంటుంది. అక్కడ లోతైన గీత పడితే సవరించే వీలు లేదు. అడుగువైపు పడిన తేలికపాటి గీతలను టూత్‌పేస్టుతో రుద్ది పోగొట్టే చిట్కా ప్రచారంలో ఉన్నది. పైపై గీతలకు అది కొంత పనిచేయవచ్చు గాని, వేరే నకలు లేని డిస్కుపై ప్రయోగించరాదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే రాయలసీమలో, కిటికీ పక్కన గాని కారులో గాని వదిలిన వ్రాత సీడీలు త్వరగా పాడవుతాయి.

డిస్కు చదవబడుతూ ఆగుతూ ఉంటే, అందులోని ఫైళ్ళన్నింటినీ మొదట హార్డుడిస్కులోని ఒక ఫోల్డరులోకి నకలు చేసి, స్థాపనను అక్కడి నుండి నడపడం మంచిది. ఎక్స్‌పీ సీడీకైతే ఐ386 ఫోల్డరును నకలు చేస్తే చాలు. దారి పొడవుగా ఉండకుండా ఫోల్డరుకు చిన్న పేరు పెట్టాలి. పాత ప్రోగ్రాములలో దారి మొత్తం 260 అక్షరాలు మించితే, ఉన్న ఫైలునే లేదని చెబుతాయి.

అనుమతుల వల్ల వచ్చే దోషం వేరు. వినియోగదారుడు తెరవగలిగిన ఫైలును స్థాపక సేవ తెరవలేకపోవచ్చు, ఎందుకనగా అది సిస్టమ్ అనే వేరే ఖాతా పేరున నడుస్తుంది. నెట్‌వర్కులోని ఫోల్డరుకు వినియోగదారుడు పెట్టుకున్న డ్రైవు అక్షరం ఆ ఖాతాకు కనిపించదు. ఫైలును స్థానిక డిస్కులోకి తెచ్చుకుంటే ఇది తీరిపోతుంది.

ఎక్స్‌పీ కాలపు కంప్యూటర్లలో మరొక వింత ఉండేది. ఐడీఈ డ్రైవు నుండి చదివేటప్పుడు దోషాలు ఆరింటిని మించితే, విండోస్ ఆ డ్రైవును నిదానమైన పీఐఓ విధానానికి దించివేసేది. తరువాత మంచి సీడీ పెట్టినా కంప్యూటరు నత్తనడక నడిచేది. డివైజ్ మేనేజరులో ఆ ఐడీఈ ఛానెలును తొలగించి కంప్యూటరును పునఃప్రారంభిస్తే తిరిగి వేగం వచ్చేది.

తీసుకోవలసిన జాగ్రత్త

కొన్ని స్థాపక ప్రోగ్రాములు దోషం వచ్చినప్పుడు తిరిగి ప్రయత్నించు, వదలివేయి, రద్దు చేయి అనే మూడు ఎంపికలు చూపుతాయి. వదలివేయి అన్నది ఆకర్షణీయమైనది, ఎందుకనగా స్థాపన ముగిసినట్లు కనిపిస్తుంది. లేని ఫైలు అవసరమయ్యే వరకు లోపం దాగి ఉండి, నెలల తరువాత ప్రోగ్రాము కారణం లేకుండా కూలిపోయినట్లు కనిపిస్తుంది.

దోషం సీడీలో గాక హార్డుడిస్కులోనే ఉంటే విషయం తీవ్రమైనది. డిస్కు నుండి టక్కుటక్కుమనే శబ్దం వస్తున్నా, ఇతర ఫైళ్ళు కూడా తెరచుకోవడం ఆలస్యమవుతున్నా, స్థాపన ప్రయత్నాన్ని అక్కడితో ఆపి, ఫోటోలు, పత్రాలు, లెక్కల ఫైళ్ళు వేరే డిస్కులోకి తీయాలి. చెక్‌డిస్క్ నడపడం ఆ తరువాతి పని. ఆ ప్రోగ్రాము డిస్కు మొత్తాన్ని చదివిస్తుంది, దెబ్బతిన్న డిస్కుకు ఆ శ్రమే ఆఖరిది కావచ్చు. సాఫ్టువేరు మళ్ళీ దొరుకుతుంది, ఇంటి ఫోటోలకు మరొక నకలు ఉండకపోవచ్చు.