అడిగే నోరు, అందుకునే చెయ్యి

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట దాటాక, కోదాడ ఇంకా రాకముందు మునగాల వస్తుంది. బస్సు ఆగేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో కిటికీలోంచి కనబడేవి టీ కొట్లు, ఎరువుల దుకాణాలు, కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీలు. ప్రతి ఫ్లెక్సీలోనూ ఒక ముఖం నిలువెత్తున ఉంటుంది, మిగతావి తపాలా బిళ్లలంత ఉంటాయి. ప్రభుత్వం మారితే ఆ పెద్ద ముఖం మారుతుంది. కొలతలు మాత్రం మారవు.

ప్రపంచమంతా పాపులిజం గురించి మాట్లాడుతోంది. మన పత్రికలు దాన్ని ప్రజాకర్షక రాజకీయం అంటున్నాయి. అమెరికాలో ట్రంప్, హంగరీలో ఓర్బాన్, వెనెజువెలాలో చావెజ్ అంటూ ఉదాహరణలు వరసగా వస్తాయి. అంత దూరం వెళ్లకముందే, ఈ జాతీయ రహదారి పక్కన బస్సు దిగి చూడాల్సింది చాలా ఉంది.

మునగాల పరగణాది ఒక వింత భూగోళం. ఒకప్పుడు చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఇది ఒక్కటే బ్రిటిషు వాళ్ల మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా ముక్క. ఇటు పొలంలో నాగలి కడితే ఒక చట్టం, గట్టు దాటితే ఇంకో చట్టం. జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారి కోట నడిగూడెంలో ఉంది. ఆయన దగ్గర దివానుగా పనిచేసిన వారు కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టినా, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైనా వాటి వెనక ఈ ఇద్దరి చెయ్యీ ఉంది. తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు చదివిన మన తాతల తరం ఆ కోటకు రుణపడి ఉంది. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

అదే కోటకు ఎదురుగా 1930ల చివరలో రైతులు నిలబడ్డారు. వెట్టి చెయ్యం అన్నారు, అక్రమ వసూళ్లు కట్టం అన్నారు. నందూరి ప్రసాదరావు వంటి కమ్యూనిస్టులు ఊరూరా తిరిగి సంఘాలు కట్టారు. జమీందారీల్లో రైతుల గోడు తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన సంఘాన్ని వేసిన రోజులు అవి. భాషకు గుడి కట్టిన దొర, ఆ భాషలో రైతు అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వలేకపోయాడు. ఇందులో ఒక మనిషి మంచితనమో చెడ్డతనమో వెతకడం నాకు ఇష్టం లేదు. పైనున్న పెద్దమనిషి ఎంత చదువుకున్నవాడైనా, కిందివాడు అడగడానికి దారి లేకపోతే ఊరు ఉడుకుతుంది. నాకు అర్థమైంది ఇంతే.

ఆ రైతులు అడిగిన తీరు గుర్తుంచుకోవాలి. వెట్టి పోవాలి, చట్టంలో లేని వసూలు ఆగాలి, భూమి మీద హక్కు తేలాలి. కోరికలకు లెక్క ఉంది, కోరినవాళ్లకు పేర్లున్నాయి, అడగడానికి ఒక సంగం ఉంది. గట్టు అవతల నిజాం ఇలాకాలోనూ అదే గాలి వీచింది. ఇక్కడికి దగ్గర్లోని చిలుకూరులో 1941లో ఆంధ్ర మహాసభ జరిగింది, రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆయనే 1952లో నల్గొండ నుంచి లోక్‌సభకు నిలబడితే దేశంలో నెహ్రూ సహా ఎవరికీ రానన్ని ఓట్లు పడ్డాయి, 3 లక్షలకు పైగా. అప్పుడు గెలిచింది ఆయన ఒక్కడి ముఖమే అని నేననుకోను. పదేళ్లుగా ఊళ్లలో కూర్చుని మాట్లాడుకున్న సంగం గెలిచింది.

ప్రజల ఉద్యమానికీ, ప్రజల పేరుతో నడిచే రాజకీయానికీ తేడా ఇక్కడే ఉంది. ఉద్యమంలో మనిషి తన బాధను తనే చెప్పుకుంటాడు. రెండోదాంట్లో ఒక నాయకుడు వచ్చి, నీ బాధ నాకు తెలుసు, నువ్వు చెప్పనక్కర్లేదు అంటాడు. ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందో, తరతరాలుగా ఎవరూ పట్టించుకోని ఇంట్లో పుట్టినవాడికే తెలుస్తుంది. అందుకే ఆ నాయకుణ్ని నమ్మిన జనాన్ని తెలివితక్కువవాళ్లు అనే చదువరులంటే నాకు కోపం.

పాపులిస్టు అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది కూడా రైతులే. 1890లలో అమెరికాలో పత్తి రైతులూ గోధుమ రైతులూ రైలు కంపెనీల ఛార్జీల మీద, బ్యాంకుల అప్పుల మీద తిరగబడి పీపుల్స్ పార్టీ పెట్టుకున్నారు. వాళ్ల దగ్గరా కోరికల జాబితా ఉంది. కాలక్రమంలో జాబితా పోయింది, కోపం మిగిలింది. ఆ కోపాన్ని ఎవరు ఎత్తుకుంటే వాళ్లది అయింది.

మన దగ్గర ఆ కోపాన్ని ఎత్తుకున్నవాడు ఎన్టీ రామారావు. 1978 ఎన్నికల తర్వాత అయిదేళ్లలో రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి, అందరినీ ఢిల్లీయే పంపింది, మొదటి ముగ్గుర్నీ తనే దించింది. బేగంపేట విమానాశ్రయంలో ఢిల్లీ నాయకుడి చేతిలో అంజయ్యకు జరిగిన అవమానం ఇంటింటి మాట అయింది. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి 294 స్థానాల్లో రెండు వందలకు పైగా గెలిచింది. పాత షెవర్లే బండి చైతన్య రథమైంది. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, ఒంటి మీద ఖాకీ బట్టలు. తెరమీద రాముడుగా, కృష్ణుడుగా చూసిన మనిషి తమ ఊరి కల్వర్టు దగ్గర ఆగి మాట్లాడితే, నాయకుడికీ తమకూ మధ్య ఇన్నాళ్లూ ఉన్న అడ్డుగోడలన్నీ ఒక్కసారి కూలినట్టు అనిపించింది జనానికి.

కూలింది అడ్డుగోడలేనా, మెట్లు కూడానా? ప్రజాకర్షక రాజకీయం స్వభావమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

1984 జనవరిలో ఆయన కరణాలు, మునసబుల వ్యవస్థను ఒక్క ఆర్డినెన్సుతో రద్దు చేశారు. తెలంగాణ ఊళ్లలో పటేల్ పట్వారీలు పోయారు. ఆ రోజు ఎంతమంది సంతోషించారో లెక్క లేదు. ఊరి భూమంతా ఒక్క మనిషి దస్త్రంలో, ఆ దస్త్రం ఆయన ఇంటి పెట్టెలో ఉన్న కాలం అది. పోవాల్సిందే పోయింది. 1985లో మండలాలు వచ్చి ఆఫీసు ఊరికి దగ్గరైంది. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన చట్టమూ ఆ ప్రభుత్వం తెచ్చిందే. వీటిని తక్కువ చేస్తే నాది అన్యాయమవుతుంది. కానీ అదే చెయ్యి 1985లో శాసనమండలిని తీసేసింది. అదే చెయ్యి 1989లో మంత్రులందరినీ ఒక్కరోజున ఇంటికి పంపింది. తనకూ జనానికీ నడుమ ఎవరూ అక్కర్లేదని ఆ నాయకుడు నిజంగానే నమ్మాడు. 1985లో నల్గొండ, హిందూపురం, గుడివాడ మూడుచోట్లా గెలిపించిన జనమే 1989లో కల్వకుర్తిలో ఓడించారు. మళ్లీ గెలిచి వచ్చాక, 1995 ఆగస్టులో సొంత ఎమ్మెల్యేలు ఒక హోటల్లో చేరి కుర్చీ లాగేసినప్పుడు ఆయన వెనక నిలబడడానికి, ఆయన పేరు తప్ప వేరే ఆసరా ఏదీ పార్టీలో పెరగలేదు. 1984లో నాదెండ్ల భాస్కరరావు ఆయన కుర్చీ లాక్కున్నప్పుడు నెలరోజులు రోడ్ల మీదికి వచ్చి మరీ ఆయన్ను కుర్చీ ఎక్కించిన జనం, ఈసారి ఇళ్లలోంచి చూశారు.

సారా సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని సారా దుకాణం మూయించారు. ఆ ఊళ్లోంచి పుట్టిన మాట రాష్ట్రమంతా పాకింది. ఎన్నికల్లో అది రామారావు వాగ్దానమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమైంది. 1997లో ఇంకో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సంతకంతో వచ్చింది సంతకంతో పోయింది. దుకాణం ముందు కూర్చున్న ఆ ఆడవాళ్లను వచ్చేటప్పుడూ అడగలేదు, పోయేటప్పుడూ అడగలేదు.

కరణం కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత ఆ చోటికి వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల, అంటే వీఆర్వోల మీద లంచాల ఫిర్యాదులు పెరిగి పెరిగి, 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను కూడా ఒక్క చట్టంతో తీసేసింది. అప్పుడూ ఊళ్లో చప్పట్లు. అక్టోబరు 29న భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. ఇక మధ్యలో మనిషి లేడు, బటన్ నొక్కితే పని అన్నారు.

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒక పెద్దాయన, ఈ పరగణా రైతే, ప్లాస్టిక్ కవరులో పాత పట్టాపుస్తకం, శిస్తు రసీదులు, ఆధార్ జిరాక్సు పెట్టుకుని తిరిగేవాడు. కవరు మూలలు చిరిగి, రసీదులు మడతల దగ్గర విడిపోయి, వాటికి లోపల్నుంచి అన్నం మెతుకులతో అతుకులు. ఎకరం పది గుంటలు పార్ట్-బి లో, అంటే వివాదం ఉందని పక్కన పెట్టిన భూముల జాబితాలో పడ్డాయి. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు, "ఇందులో ఆప్షన్ లేదు తాతా" అన్నాడు. పెద్దాయన కాసేపు స్క్రీన్ వంక చూసి నావైపు తిరిగాడు. "కరణం దొంగే బాబూ. కాకపోతే వాకిట్ల నిలబడి తిట్టొచ్చేటోణ్ణి. దీన్నెట్ల తిట్టాలె?"

నాకు ఆ మాట ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు. అవినీతిపరుడైన మధ్యవాణ్ని తీసేస్తామనే నాయకుడు గెలుస్తాడు, గెలవాలి కూడా. ఆ స్థానంలో అడగదగిన మనిషిని పెట్టకపోతే, రైతు ఎదుట మిగిలేది ఒక తెర, ఆ తెరకు చాలా దూరాన ఒక ముఖం. 2025లో ధరణి బదులు భూభారతి వచ్చింది, గ్రామ పాలన అధికారులను మళ్లీ ఊళ్లకు పంపారు. నలభై ఏళ్లలో ఒకే ఖాళీని మనం ఎన్నిసార్లు చేసుకుని ఎన్నిసార్లు పూడ్చుకున్నామో ఈ తారీఖులే చెబుతాయి.

పడమటి దేశాల్లో జరిగిందీ పేర్లు మార్చిన ఇదే కథ. ఫ్యాక్టరీలు మూతపడి, వాటితోపాటు యూనియన్ ఆఫీసులు మూతపడ్డాయి. 2008 సంక్షోభంలో బ్యాంకులను నిలబెట్టారు, ఇల్లు పోయినవాడు వీధిన పడ్డాడు. ఇన్నాళ్లూ పనివాడి బాధను పైకి మోసిన పాత పార్టీలు సభ్యులు లేని బోర్డులయ్యాయి. 2016లో బ్రిటన్ ఓటరు యూరోపియన్ యూనియన్ వద్దన్నాడు, అదే ఏడాది అమెరికాలో ట్రంప్ గెలిచాడు. ఫోన్ తెర ఆ కోపానికి పుట్టిల్లు అనను. దానికి దారి మాత్రం వేసింది. ఓర్బాన్ 2010లో అధికారంలోకి వచ్చాక కోర్టులు, పత్రికల మీద పట్టు ఎలా బిగించాడో చూస్తే తర్వాతి అంకం తెలుస్తుంది. నేనే ప్రజలు అన్నవాడికి ఎదురు చెప్పిన జడ్జి, విలేఖరి, ప్రతిపక్షం అందరూ ప్రజాద్రోహులుగానే కనబడతారు.

మన దగ్గర ప్రజాకర్షణ ఎక్కువగా పథకం రూపంలో వస్తుంది. పథకాలను ఉచితాలని ఈసడించేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక గంజి తాగే ఇంట్లో అన్నం ఉడికింది. 2025 ఉగాదినాడు మా పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. దొడ్డుబియ్యం పేదవాడికి, సన్నబియ్యం కలవాడికి అన్న గీత చెరిగితే మంచిదే. నా బాధ పేరు దగ్గర. ఇందిరమ్మ ఇల్లు, ఎన్టీఆర్ భరోసా, వైఎస్సార్ చేయూత, కేసీఆర్ కిట్. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మధ్య కొన్నాళ్లు రైతు పాస్‌పుస్తకం మీదికే ముఖ్యమంత్రి బొమ్మ ఎక్కింది. అన్నిటా సొమ్ము మనదే, ముద్ర ఒకరిది. అందుకే సర్కారు కాగితాల్లో రైతు, కూలీ, వితంతువు అందరూ కలిసి ఒకే మాట అయిపోయారు, లబ్ధిదారు. సంగంలో చేరిన తాత అడిగేవాడు. లబ్ధిదారైన మనవడు వరసలో నిలబడి అందుకుంటున్నాడు. రానప్పుడు అలుగుతాడు, అయిదేళ్లకోసారి ముఖం మారుస్తాడు.

అయినా ఈ నేలలో అడిగే అలవాటు చావలేదు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెల కోసం జల సాధన సమితి వేయించిన నామినేషన్లే వాటిలో ఎక్కువ. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది, దేశం నల్గొండ నీళ్ల గురించి మొదటిసారి గట్టిగా విన్నది. ఒక పెద్ద ముఖం లేకుండా వందల చిన్న ముఖాలు చేసిన పని అది. దరిమిలా ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు అప్పటికి ఇంకా పెరిగిన డిపాజిట్టూ కట్టి మళ్లీ అదే దారి పట్టారు, ఈసారి బరిలో మొత్తం 185 మంది.

2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదవడానికి రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టినప్పుడు, ఈ చుట్టుపక్కల ఒక ఊళ్లో నేనూ వెనక వరసలో నిలబడ్డాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద జాబితా. పేర్లు చదవడం అయిపోయింది. రానివాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని అధికారి అన్నారు. ముందు వరసలో కింద కూర్చున్న ఒకావిడ చీర కొంగు నడుముకు దోపి లేచింది.

"ఇంకో కాయితం వద్దు సారూ. మూడుమాట్లు ఇచ్చిన. నా పేరు ఏ కారణం మీద రాలేదో అది సదువు."

ఆయన మైకు పక్కన పెట్టారు. జాబితాను మొదటి పేజీకి తిప్పారు. ఆమె కూర్చోలేదు.