అంబాసిడర్ వర్సెస్ మారుతి 800: రోడ్డెక్కితే ఏది బెస్ట్? పాత కారు కొనే ముందు ఈ లెక్క తెలుసుకోండి!

ఒకటి సర్కారు హోదాకు గుర్తు.. ఇంకొకటి మధ్యతరగతి ఇంటి మొదటి కారు. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ ఆగింది 2014లోనే. అయినా క్రేజ్ మాత్రం తగ్గలేదు. సరదాగా ఒకటి కొని రిపేర్ చేయించుకుందాం అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మరి నడపడంలో ఏది ఎలా ఉంటుందో చూద్దాం.

పికప్‌లో ఎవరిది పైచేయి?

అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజిన్ 1489 సీసీ. పవర్ సుమారు 50 హార్స్‌పవర్. మారుతిది 796 సీసీ, పవర్ సుమారు 37. పేపర్ మీద అంబాసిడరే గెలవాలి కదా? కానీ అసలు కిటుకు బరువులో ఉంది. అంబాసిడర్ దాదాపు 1,100 కిలోలు, మారుతి దాదాపు 650 కిలోలే. అంటే టన్ను బరువుకు మారుతికి 57 హార్స్‌పవర్ దొరికితే, అంబాసిడర్‌కు 45 మాత్రమే. అందుకే సిగ్నల్ పడగానే చిన్న కారు ముందుకు దూకేస్తుంది.

అయితే ఐదుగురు ఎక్కితే సీన్ మారిపోతుంది. తలా 65 కిలోలు వేసుకున్నా 325 కిలోలు. మారుతికి అది తన బరువులో సగం! అప్పుడు లెక్క 38, 35కి వచ్చేస్తుంది. తేడా దాదాపు మాయం. 1990ల్లో 1.8 లీటర్ ఇసుజు ఇంజిన్ వచ్చాక అంబాసిడర్‌దే పైచేయి అయ్యింది.

హ్యాండ్లింగ్ ఎలా?

మారుతి పొడవు అంబాసిడర్ కంటే దాదాపు మీటరు తక్కువ. ఇరుకు సందుల్లో ఇట్టే తిరుగుతుంది. ఇంజిన్ బరువు ముందు చక్రాల మీదే ఉండి, అవే కారును లాగుతాయి కాబట్టి వానలో పట్టు బాగుంటుంది. కానీ హైవేపై పక్కనుంచి లారీ దూసుకెళ్తే కారు ఊగుతుంది.

అంబాసిడర్ చక్రాలు 15 అంగుళాలు, మారుతివి 12 అంగుళాలే. గుంతల రోడ్డులో తేడా అక్కడే తెలుస్తుంది. పాత మోడళ్లలో పవర్ స్టీరింగ్ లేదు కాబట్టి పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి. మలుపుల్లో బాడీ పక్కకు వాలుతుంది. నెమ్మదిగా తిప్పాల్సిందే.

అసలు జాగ్రత్త ఇక్కడే!

అంబాసిడర్‌కు చాలా ఏళ్లపాటు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. శ్రీశైలం, తిరుమల లాంటి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. మారుతి తేలిగ్గా ఆగుతుంది గానీ, పల్చటి బాడీ. ఈ పాత కార్లలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉండవు. ముందున్న కొత్త కారు టక్కున ఆగినంత త్వరగా మీ కారు ఆగదు. గ్యాప్ ఎక్కువ ఉంచాల్సిందే.

ఫైనల్‌గా.. సిటీలో ఒకరిద్దరికైతే మారుతి, కుటుంబంతో లాంగ్ డ్రైవ్‌కైతే అంబాసిడర్. ఏది కొన్నా ముందు బ్రేకులు, టైర్లు మార్పించండి. 15 ఏళ్లు దాటిన బండి అయితే ఫిట్‌నెస్, ఆర్సీ రెన్యువల్ ఉన్నాయో లేదో చూసుకోండి. పెయింటింగ్ సంగతి తర్వాత!