ఇంటిలో విద్యుత్తు: వోల్టులు, ఆంపియర్లు

నాచారము పారిశ్రామికవాడ నుండి ఉప్పల్ వైపు వచ్చునపుడు పెక్కుచోట్ల స్తంభములపై సాగు తీగలు కనబడును. 11,000 వోల్టుల విద్యుత్తు అట్టి తీగల వెంట వచ్చి, వీధిలోని ట్రాన్స్‌ఫార్మరులో సుమారు 400 వోల్టులకు దిగును. అచటి నుండి ఫేజులనబడు మూడు తీగలును, న్యూట్రలనబడు నాలుగవ తీగయు బయలుదేరును. ఏ రెండు ఫేజుల నడుమ చూచినను 400 వోల్టులు. ఒక ఫేజునకును న్యూట్రలునకును నడుమ 230 వోల్టులు. కర్మాగారములోని పెద్ద మోటారునకు మూడు ఫేజులును కావలెను. సామాన్య గృహమునకు ఈ 230 చాలును.

వోల్టులు హెచ్చిన కొలది, అంతే పనికి కావలసిన ఆంపియర్లు తగ్గును. 2,000 వాట్ల గీజరు మన ఇంట సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. అమెరికాలోని 120 వోల్టులపై నైనచో దానికి 17 ఆంపియర్లు కావలసియుండును. ఆంపియర్లు సగమైనచో, అదే తీగలో వృథాయగు వేడిమి నాలుగవ వంతునకు దిగును. హెచ్చు వోల్టేజివలన లాభమిది. నష్టమేమనగా, దాని దెబ్బయు హెచ్చే.

ఎడిసన్ 1882లో న్యూయార్కున దీపములకై సుమారు 110 వోల్టులతో సరఫరా ఆరంభించెను. ఆ దేశములో నేటికిని దీపములకు 120, బట్టలారబెట్టు యంత్రము వంటివానికి 240 వోల్టులు వాడుదురు. అచటి గృహస్థునకు రెండు వోల్టేజీల నడుమ ఎంపిక కలదు. మనకు ఎంపిక యున్నది తీగలో, సాకెట్టులో.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే. దీపములకు, ఫానులకు వేసిన 6 ఆంపియర్ల తీగ వేరు, గీజరునకు, ఎ.సి.కి వేసిన 16 ఆంపియర్ల పవర్ తీగ వేరు. రెంటను వోల్టులు సమానమే గదా యని, గీజరు ప్లగ్గును ఏదో అడాప్టరు ద్వారా చిన్న సాకెట్టులో పెట్టువారు కలరు. ఫ్యూజు పోయిన లావు తీగ చుట్టుదురు, ఎం.సి.బి. పడిపోయిన పెద్దది బిగింతురు. అంతట గోడలోని సన్నని తీగయే ఫ్యూజగును! గోడలో పొగ వచ్చువరకు అది ఎవరికిని తెలియదు. దీపముల తీగ సాధారణముగా 1.5 చదరపు మిల్లీమీటర్లు. పవర్ సాకెట్టునకు 2.5, పెద్ద ఎ.సి.కి 4 కావలెను. 30 మిల్లీఆంపియర్ల లీకేజికే తెగిపోవు ఆర్.సి.సి.బి.యు, మంచి ఎర్తును ఉండుట ప్రాణరక్షణకు.

మేడపై అద్దెవాటాలు కట్టినవారు త్రీ ఫేజ్ తీసికొందురు. అంతమాత్రమున గీజరు 400 వోల్టులపై నడవదు. బరువు మూడు ఫేజులపై పంచుకొనబడును, అంతే. అయితే వీధిలో న్యూట్రలు తెగినచో ఒక ఫేజుపై వోల్టులు 300 దాటవచ్చును, మరియొకదానిపై పడిపోవచ్చును. కొన్ని దీపములు కన్నులు మిరుమిట్లు గొలుపుచు, కొన్ని మసకబారినచో, ఫ్రిజ్జు సంగతి తరువాత, ముందు మెయిన్ కట్టివేయవలెను.

అమెరికాలో పిల్లలున్న ఇండ్లు ఈ ప్రాంతమున ఇపుడు అరుదు కావు. వారు తెచ్చిన చార్జరుపై 100–240 అని యున్నచో పిన్ను మార్చిన చాలును. 120 మాత్రమే యున్న కెటిలును మన సాకెట్టులో పెట్టినచో నాలుగురెట్లు శక్తి లాగి క్షణములో మాడును. దానికి తగిన వాట్ల ట్రాన్స్‌ఫార్మరు కొనుటకంటె ఇక్కడ క్రొత్త కెటిలు కొనుటయే చౌక.

పాత వాల్వు రేడియోలను దాచుకొన్నవారికి ఒక మాట. వానిలో పెక్కింటి వెనుక 110 మొదలు 250 వరకు అంకెలు గల చిన్న బిళ్ళ యుండును. ప్లగ్గు పెట్టుటకు ముందే అది ఏ అంకెపై నున్నదో చూచుకొనవలెను.