నలభై రెండేళ్ళ నాటి మాట

మా చర్చిలో ఎవరి పెళ్ళి జరిగినా అయ్యగారు ఎఫెసీయులకు పౌలు వ్రాసిన పత్రికలోంచి 5వ అధ్యాయం చదువుతారు. 22వ వచనం భార్యలకు చెప్పింది. అది రాగానే మగపెళ్ళివారి బెంచీలలో చిరునవ్వులు మొలుస్తాయి. 25వ వచనం భర్తలకు. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అర్పించుకున్నట్టు భార్యను ప్రేమించమని దాని భావం. ఆ మాటకు ఉలిక్కిపడిన పెళ్ళికొడుకును నేనింతవరకు చూడలేదు. ప్రాణం ఇమ్మని మనల్ని ఎవరడుగుతారులే అన్న ధీమా కాబోలు!

నిజమే, ప్రాణం ఎవరూ అడగరు. అడిగేవి ఉద్యోగం, నిద్ర, సాయంకాలాలు. అవి ఇచ్చిన ఒక భర్తను గురించి చదివినప్పటినుంచీ ఆ వచనం నాకు మరోలా వినిపిస్తోంది.

ఆయన పేరు రాబర్ట్‌సన్ మెక్‌విల్కిన్. 12 ఏళ్ళు జపానులో మిషనరీగా ఉండి, 1968లో అమెరికాలోని కొలంబియా బైబిలు కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. భార్య మ్యూరియల్. ఆరుగురు బిడ్డలు. ఆమె బొమ్మలు వేసేది, వంటలో దిట్ట, రేడియోలో మాట్లాడేది. అటువంటి మనిషి, 1980 ప్రాంతంలో, చెప్పిన సంగతే అయిదు నిమిషాలకు మళ్ళీ చెప్పసాగింది. ఆల్జీమర్స్ అన్నారు డాక్టర్లు. జ్ఞాపకాన్నీ, మాటనూ కొంచెం కొంచెంగా మింగేసే ఆ జబ్బును నయం చేసే మందు ఈనాటికీ లేదు.

భర్త కంటబడకపోతే ఆమెకు భయం. ఆయన ఆఫీసుకు వెళ్ళగానే వెనకాలే నడిచి వెళ్ళేది. రానూ పోనూ ఒక మైలు. ఒక్కొక్కనాడు పదిసార్లు! రాత్రి బట్టలు మార్చబోయి చూస్తే ఆమె పాదాలు నెత్తురోడుతూ ఉండేవట.

ఎక్కడైనా చేర్పించి నీ పని నువ్వు చూసుకోమని స్నేహితులు హితవు చెప్పారు. 1990లో ఆయన రాజీనామా ఇచ్చాడు. ఇది ఇప్పుడు చేసిన నిర్ణయం కాదు, 1948లో పెళ్ళినాడే చేసేశాను అన్నాడు. త్యాగమంటే ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ ఆమె నన్ను చూసుకుంది, ఇంకో నలభై ఏళ్ళు చేసినా నా బాకీ తీరదు అని ఆయన లెక్క.

జనం పొగుడుతూ ఉంటే ఇందులో ఏముందని ఆయనే తెల్లబోయాడు. చివరికి ఒక క్యాన్సరు వైద్యుడు గుట్టు విప్పాడట: మంచాన పడ్డ భర్తను విడవని భార్యలు దాదాపు అందరూ, భార్యను విడవని భర్తలు బహు కొద్దిమంది అని.

మన దగ్గర మాత్రం వేరా? పక్షవాతం వచ్చిన భర్తకు ఏళ్ళ తరబడి గంజి తాగించి, పక్కగుడ్డలు ఉతికిన ఇల్లాలు ప్రతి వీధిలోనూ ఉంటుంది. అది ఆమె ధర్మం అంటాం, అంతే. అదే పని మగవాడు నెల్లాళ్ళు చేస్తే ‘పాపం, దేవుడులాంటి మనిషి’ అని ఊరంతా చెప్పుకుంటాం. మెక్‌విల్కిన్ గొప్పవాడే. అది ఇంత వింత కావడం మాత్రం మా మగజాతికేమీ గౌరవం కాదు.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. సంబంధం చూసేటప్పుడు జీతమెంత, ఇల్లుందా, అలవాట్లున్నాయా అని వాకబు చేస్తాం. ‘రేపు మా పిల్ల మంచాన పడితే తల దువ్వి అన్నం తినిపిస్తావా, బాబూ?’ అని అడిగే తండ్రి ఏడీ? అడిగినా, ఆ కుర్రవాడు ఆ పని ఎవరి దగ్గర నేర్చుకుని ఉంటాడు? వాళ్ళ నాన్న చేస్తూండగా చూసి ఉండాలి కదా!

1995 ఫిబ్రవరి 14. సరిగ్గా అదే రోజున 1948లో ఆయన ఆమెను పెళ్ళికి అడిగాడు. ఆమెకు మాట పడిపోయి చాలా నెలలైంది. ఆ రోజు నిద్రలేచి, నవ్వి, ‘ప్రేమ’ అన్న మాట మూడుసార్లు అన్నదట. ఆయన పరుగున వెళ్ళి కౌగిలించుకుని, నిజంగా నన్ను ప్రేమిస్తున్నావు కదూ అని అడిగాడు. అవునని చెప్పడానికి ఆమెకు మాట దొరకలేదు. ఆయన వీపు నిమురుతూ, దొరికిన మాటే చెప్పింది, తను మంచిదాన్నని. 2003లో ఆమె కన్నుమూసింది. అంతవరకూ ఆయన ఆమెను విడిచిపెట్టలేదు.