జీపు గొంతు సవరించిన వైనం

మా జోలార్పేట ప్రాంతపు మెకానిక్కులు కార్బ్యురేటర్‌ను 'కార్పరేటర్' అంటారు. "కార్పరేటర్ మొరాయిస్తున్నాడు సార్, విప్పి కడగాలి" అని వాళ్ళంటే, కొత్తవాళ్ళు ఇదేదో మునిసిపాలిటీ తగాదా అనుకుంటారు. ఆ మాటకొస్తే ఇద్దరికీ పోలిక లేకపోలేదు. ఎవరి వాటా వారికి సరిగ్గా పంచడమే ఇద్దరి పనీ. పంపకంలో తేడా వస్తే ఊరైనా ఇంజనైనా పొగలు కక్కవలసిందే.

ఇంత చిన్న పరికరాన్ని గురించి మన పత్రికలో వ్యాసమేమిటని మీరు అడగవచ్చు. మన కుటుంబాల్లో చాలామంది ఇళ్ళ వెనకాల ఇంకా ఒక పాత జీపో, అంబాసిడరో, స్కూటరో పట్టా కప్పుకొని పడి ఉంటుంది. నాన్నగారో తాతగారో నడిపినది. అమ్మడానికి మనసు రాదు, నడిపించే దారి తెలియదు. అటువంటివారికి ఇది కొంత పనికి వస్తుందని నా ఆశ. రాస్తున్నవాడు ఇంజనీరు కాడు సుమండీ! బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి.

బావగారి బండి

మా అక్కయ్యను ఇచ్చింది ఏలగిరి కొండ కింద పల్లెలో. బావగారికి మామిడి తోట, కొబ్బరి తోట ఉన్నాయి. వాటితోపాటు 1972 నాటి మహీంద్రా పెట్రోలు జీపు ఒకటి ఉంది. ఏదో ప్రభుత్వ శాఖవారు వేలం వేస్తే ఆయన పాడుకున్నది. ఎరువు బస్తాలు, మామిడికాయల గంపలు, పెళ్ళివారు, పురిటికి ఆసుపత్రికి వెళ్ళే ఆడపిల్లలు, ఇలా అది మోయనిది లేదు.

ఈ జీపుల పుట్టుపూర్వోత్తరాలు చాలామందికి తెలిసినవే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్ కంపెనీవారు చేసిన బండి దీనికి తాత. 1945లో లూధియానాలో మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ, 1947 నుంచే విల్లీస్ జీపులను మన దేశంలో బిగించసాగింది. తర్వాత వచ్చిన ఎత్తు బానెట్టు రకాన్ని సి.జె. 3బి అంటారు. అమెరికాలో అది 1953 నుంచి 1968 దాకా తయారైంది; మన దేశంలో ఆ తర్వాత కూడా చాలా కాలం నడిచింది. ఇంజను 2,199 సి.సి., నాలుగు సిలిండర్లు. గాలి లోపలికి వచ్చే వాల్వులు ఇంజను తల మీద, పొగ బయటికి పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఇంజను పొడుగైంది కనుకనే బానెట్టు ఎత్తు పెంచారు. ఒకప్పుడు మన పల్లెలకు బి.డి.ఓ. గారు వచ్చినా, ఫారెస్టు రేంజరు వచ్చినా, బాకీల వసూలుకు మా బ్యాంకువాళ్ళం వెళ్ళినా ఇటువంటి జీపులోనే.

డీజిలు చవకగా దొరికే రోజుల్లో చాలామంది పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను వేయించుకున్నారు. అందువల్ల పుట్టినప్పటి ఇంజనుతో ఉన్న జీపులు ఇప్పుడు తక్కువ. మా బావగారిది అందులో ఒకటి.

గడువు దగ్గర పడింది

పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఫిట్‌నెస్ చూస్తారు, పొగ పరీక్ష ఉంటుంది. ఆ గడువు రెండు నెలల్లో ఉందనగా జీపు మూడు రకాల జబ్బులు చూపించింది. నల్లటి పొగ, పెట్రోలు వాసన. నిలబెట్టి ఉంచితే ఇంజను ఒకసారి గుర్రుమని, ఒకసారి నీరసించిపోవడం. యాక్సిలరేటర్ తొక్కగానే ఎక్కిళ్ళు.

మా మేనల్లుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. ఫోనులో, "మామయ్యా, నాన్నకు మీరైనా చెప్పండి. పాత ఇనుము కొనేవాళ్ళు మంచి ధర ఇస్తామన్నారు. అది ఇష్టం లేకపోతే డీజిలు ఇంజను వేయిద్దాం" అన్నాడు. పిల్లవాడి మాటలో తప్పేమీ లేదు. డెబ్బై దాటిన తండ్రి నడిదారిలో ఆగిపోతాడేమోనని వాడి భయం.

బావగారు మాత్రం, "గొంతు పట్టుకుందని ఎవరైనా గుండె మార్పిస్తారటోయ్?" అన్నారు.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చని సొంత వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే. తోటకు తిరిగే బావగారికి అది కుదరదు కనుక మామూలు పొడిగింపే దారి అయింది. కానీ రేపు మేనల్లుడి కాలంలో ఆ అవకాశం కావాలంటే అసలు ఇంజను అలాగే ఉండాలి. డీజిలు ఇంజను వేయించిన రోజున ఆ తలుపు మూసుకుపోతుంది. ఈ మాట చెప్పాక వాడు కొంచెం మెత్తబడ్డాడు.

జమాఖర్చుల పెట్టె

కార్బ్యురేటర్ చేసే పని ఒక్కటే, గాలిలో పెట్రోలును తగిన పాళ్ళలో కలపడం. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. అంటే ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి! మనం డబ్బు పెట్టి కొనేది పెట్రోలునే కానీ, ఇంజను తినేదాంట్లో అది పోపు గింజల వంతు మాత్రమే.

ఇంజను గాలి పీల్చుకునే దారి మధ్యలో సన్నబడుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, ఆ లాగుడుకు పెట్రోలు చిమ్ముకుంటూ వస్తుంది. ఈ సన్నని గొంతుకు పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి పేరు పెట్టారు. పక్కనే పెట్రోలు నిలవ ఉండే చిన్న గిన్నె ఉంటుంది. మన డాబా మీది నీళ్ళ తొట్టిలో బంతి తేలి కుళాయిని మూసినట్టే, ఇక్కడ ఫ్లోట్ తేలి సూది వాల్వును మూస్తుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే కౌంటరులో ఎప్పుడూ ఇంతే నగదు ఉండాలనే నియమం. ఆ గిన్నెలోంచి బయటికి వెళ్ళే ఇత్తడి రంధ్రాలే జెట్లు. వాటి మీద అంకె చెక్కి ఉంటుంది. సోలెక్స్ కార్బ్యురేటర్‌లో 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. అమెరికాలో ఈ ఇంజనుకు కార్టర్ కార్బ్యురేటర్ వచ్చేది. మా బావగారి బండికి ఉన్నది సోలెక్స్.

విప్పి చూస్తే

వాణియంబాడి నుంచి ఒక పెద్ద మెకానిక్‌ను పిలిపించాం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తమిళం, మాతో తెలుగు. అందరూ ఆయనను భాయ్ అంటారు. కొత్తది తెచ్చి పెట్టేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "మూడు జబ్బులకూ కారణం చూడకుండా కొత్తది వేస్తే, ఏ జబ్బు ఎందుకు వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు" అన్నాడు. మా ఆడిటర్లు అనే మాట కూడా ఇదే.

వేపచెట్టు కింద తెల్లగుడ్డ పరచి, దగ్గర్లో పొయ్యిగానీ బీడీగానీ లేకుండా చూసుకొని పని మొదలుపెట్టాడు. ఒక్కొక్క స్క్రూ విప్పే ముందు మేనల్లుడు సెల్‌ఫోనులో ఫోటో తీశాడు. విప్పినవి విప్పిన వరుసలోనే పళ్ళెంలో పెట్టాం.

మొదటి దొంగ ఫ్లోట్. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల పెట్రోలు గలగలమంది. దూరంగా వంటింట్లో కాచిన నీళ్ళు తెచ్చి అందులో ముంచితే, అతుకు దగ్గర సన్నని బుడగలు వచ్చాయి. లోపలికి పెట్రోలు చేరి ఫ్లోట్ బరువెక్కింది, పైకి తేలలేక సూది వాల్వును మూయడం లేదు. గిన్నె పొంగి, ఇంజనుకు మోతాదు మించి పెట్రోలు. నల్లపొగ అందుకే. లోపలి పెట్రోలు పూర్తిగా ఆరిపోయాక చుక్క సీసంతో అతికాడు. ఎక్కువ సీసం పెడితే ఆ బరువుకే మళ్ళీ మట్టం తప్పుతుందట.

రెండోది త్రాటిల్ ఇరుసు. యాభై ఏళ్ళు తిరిగి తిరిగి దాని రంధ్రం వదులైంది. ఆ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి దూరుతోంది. ఇంజను నిలకడగా తిరగకపోవడానికి కారణం అది. గుడియాత్తంలో లేత్ పట్టే ఒకాయన రంధ్రాన్ని సరిచేసి ఇత్తడి బుష్ కొట్టి ఇచ్చాడు. కొత్తది కొనిపించాలని చూడకుండా, "బాడీ బాగుంది, పారేయకండి" అన్నాడు. అడుగు అంచు కొద్దిగా వంకర పోతే, మందపాటి గాజు పలక మీద ఎమరీ కాగితం పరచి రుద్ది చదును చేశాం.

మూడోది యాక్సిలరేటర్ పంపు పొర. తొక్కగానే ఒక గుక్కెడు పెట్రోలు అదనంగా అందించేది అదే. రబ్బరు బిరుసెక్కి అప్పడంలా విరిగింది. ఎక్కిళ్ళ రహస్యం తేలిపోయింది.

జెట్లను భాయ్ తీగతో పొడవలేదు. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడితే రంధ్రం పెద్దదై కొలత పోతుంది. ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి, వెలుగుకు ఎదురుగా పెట్టి చూశాడు.

ఇప్పటి పెట్రోలు వేరు

ఇక్కడ పాత బండ్లవారు అందరూ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025 నాటికి దేశమంతా వ్యాపించింది. 1972లో ఈ ఇంజను రూపకర్తలు దీన్ని ఊహించలేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలిచిపోతే గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకొని లోహం తినుకుపోతుంది. పాత రకం రబ్బరు ఉబ్బిపోతుంది, బిరుసెక్కుతుంది. అందుకని పంపు పొర, గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకొనే రబ్బరువే కావాలని చెప్పి తెప్పించాం. కొన్ని సామాన్లు మద్రాసు పుదుపేటలో దొరికాయి.

ఇంకొక చిక్కు. ఇథనాల్‌లో కొంత ఆక్సిజన్ ముందే ఉంటుంది కనుక ఈ పెట్రోలుకు 14.7 కాదు, సుమారు 13.5 పాళ్ళ గాలే చాలు. అంటే పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. లోపాలన్నీ సరిచేసి పది మైళ్ళు తిప్పాక స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే తెల్లగా ఉన్నాయి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, ఇటుక రంగుంటే సరి. నేను కాగితం మీద లెక్క వేశాను. 120 అంకె జెట్టు బదులు 125 వేస్తే రంధ్రం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, మనకు కావలసింది దాదాపు అంతే. భాయ్ ఆ లెక్క చూడనే లేదు. ప్లగ్గు చూసి, "అయిదు పాయింట్లు పెంచాలి సార్" అన్నాడు. నా బి.కాం. లెక్కా, ఆయన కంటి లెక్కా ఒక్క చోటికే వచ్చాయి!

చివరగా ఇంజను బాగా వేడెక్కాక మిశ్రమం స్క్రూ సవరించాడు. మెల్లగా పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కణ్ణుంచి అటూ ఇటూ పావు చుట్టు చొప్పున కదుపుతూ చెవితో వింటాడు. ఇంజను మాట నున్నగా వచ్చిన చోట ఆపేశాడు.

ఏలగిరి పరీక్ష

మిగిలింది కొండ. ఏలగిరి ఎత్తు సుమారు 1,100 మీటర్లు. దారిలో 14 మలుపులు, ఒక్కొక్కదానికి తమిళ కవుల పేరో, పూర్వపు దాతల పేరో పెట్టారు. ఆ ఎత్తున గాలి సుమారు పదో వంతు పలచబడుతుంది కనుక మిశ్రమం తిరిగి కొంచెం చిక్కబడుతుంది. ఉన్నదే కదా అని ఇంకా పెద్ద జెట్టు వేయకూడదనేది అందుకే. బావగారు నడిపారు, పక్కన అక్కయ్య, వెనక మేనల్లుడు, నేను, భాయ్. పద్నాలుగో మలుపు దాటేదాకా మేనల్లుడు వెనక్కి తిరిగి పొగ చూస్తూనే ఉన్నాడు. పొగ లేదు. పై వారం పొగ పరీక్ష, ఫిట్‌నెస్ రెండూ అయ్యాయి, అయిదేళ్ళకు పొడిగించారు. సామాన్లు, లేత్ కూలి, భాయ్ మజూరీ అన్నీ కలిపి ఖర్చు తొమ్మిది వేల రూపాయలు దాటలేదు.

మీ షెడ్డులో పాత బండి ఉంటే నా మనవి ఇంతే. నెలకు పైగా నిలిపేటట్లయితే కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఖాళీ చేయండి. గొట్టాలు, రబ్బర్లు ఏడాదికొకసారి చూసుకోండి. జబ్బు తెలియకుండా భాగాలు మార్చవద్దు. మార్చిన పాతవి పారేయవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ ఆరు నియమాలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో సైతం చాలావాటికి కార్బ్యురేటర్ లేకుండా పోయింది. ఇప్పుడు నేర్చుకొనే కుర్రవాళ్ళకు దాన్ని విప్పే అవసరం తగ్గిపోతోంది. సామాను కోసం పుదుపేట ఉంది. చెవితో విని సరిచేసే భాయ్ లాంటివారు మన ఊళ్ళలో నలుగురో అయిదుగురో మిగిలారు, అందరూ అరవై దాటినవారే. వారు ఉండగానే మీ బండి బాగుచేయించుకోండి. పిల్లవాణ్ణి ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టండి. మా మేనల్లుడు ఇప్పుడు ఫ్లోట్ మట్టం తనే చూస్తున్నాడు.