వైద్యులూ చదువుకోవలసిన వ్యాధి

తెలుగులో ‘నీరసం’ అనే మాట చాలా విశాలమైనది. రక్తం తక్కువైనా నీరసమే, మధుమేహం ముదిరినా నీరసమే, నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా నీరసమే. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవారు దానినే ‘కమ్‌జోరీ’ అంటారు. విజయవాడ పంజా సెంటరులోనైనా, బందరు, అవనిగడ్డ వైపు పల్లెల్లోనైనా ఈ మాట చెవిన పడగానే వైద్యం చేసేవారి చేయి అలవాటుగా సెలైన్ సీసా మీదికో, బలానికి వేసే సూది మీదికో పోతుంది. రోగి పది రోజులకు మళ్లీ వస్తే రక్తపరీక్షలు వ్రాస్తారు. అవి సక్రమంగా ఉంటే, “మీకేమీ లేదమ్మా, మనసులో ఏమీ పెట్టుకోకండి” అని పంపివేస్తారు. ఆ మాటను ఇంటివారు కూడా వింటారు. ఆనాటి నుండి ఆ రోగి ఇంట్లో సోమరి.

వీరిలో కొందరికి ఉన్నది పేరున్న వ్యాధే. దానిని క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అంటారు. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనేది దానికి మరింత పాత పేరు. ఆ పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుండి దీనిని నాడీమండల వ్యాధుల్లో లెక్కిస్తూ వస్తున్నది. ‘ఫటీగ్’ అన్న పేరే ఈ రోగులకు అపకారం చేసిందని నా అభిప్రాయం. అలసట ఎరుగని మనిషి ఎవరున్నారు? కనుక విన్న ప్రతివారూ తమ అలసటతో కొలిచి, “మాకు మాత్రం లేదా?” అంటారు.

ఈ వ్యాధి గుర్తు అలసట ఒక్కటే కాదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, మునుపు చేయగలిగిన పనులు చేసే శక్తి ఆరు నెలలకు పైబడి బాగా సన్నగిల్లి ఉండాలి. ఎంత నిద్రించినా ఒళ్లు తేరుకోకూడదు. వీటితోపాటు జ్ఞాపకం, ఆలోచన మందగించడమో, నిలబడితే ఇబ్బంది కలిగి పడుకుంటే తగ్గడమో, కనీసం ఒకటి ఉండాలి. అన్నింటికంటే ముఖ్యమైనది శ్రమానంతర క్షీణత. బట్టలు ఉతకడం, పెళ్లికి వెళ్లి రావడం, ఒక్కొక్కప్పుడు గంటసేపు చదవడం వంటి శ్రమ తరువాత రోగి కూలిపోతాడు. అది వెంటనే కనబడదు. మర్నాడో మూడవ నాడో వచ్చిపడి రోజులు, వారాలు కూడా ఉంటుంది. ఆసుపత్రికి వచ్చిన రోజున రోగి కాస్త తేటగానే కనిపిస్తాడు. ఆ రాకకు మూల్యం తరువాతి రోజుల్లో ఇంట్లో మంచం మీద చెల్లిస్తాడు. వైద్యుడు చూసేది ఆ తేటదనాన్నే.

రోగి మాట నమ్మకపోవడానికి చాలా పాత చరిత్ర ఉంది. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో జూలై నుండి నవంబరు వరకు 292 మంది సిబ్బంది అంతుచిక్కని జబ్బున పడ్డారు; ఆసుపత్రినే కొన్ని వారాలు మూసివేయవలసి వచ్చింది. పదిహేనేళ్ల తరువాత, 1970లో, ఇద్దరు మనోవైద్యులు పాత కాగితాలను మాత్రమే తిరగేసి అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. వారు చూపిన కారణాలలో జబ్బుపడినవారిలో అత్యధికులు స్త్రీలు కావడం ఒకటి! రోగులను చూడకుండానే ఇచ్చిన ఆ తీర్పు దశాబ్దాల పాటు వైద్యుల మనసుల్లో నిలిచిపోయింది.

దాని ఫలితం చికిత్సలోనూ కనబడింది. రోగి భయపడి కదలడం లేదు గనుక వ్యాయామాన్ని క్రమంగా పెంచుకుంటూ పోతే సరిపోతుందనే పద్ధతిని బ్రిటన్‌లో చాలాకాలం అధికారికంగానే సిఫారసు చేశారు. దానివల్ల తమ స్థితి ఇంకా దిగజారిందని రోగులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. చివరకు 2021 అక్టోబరులో అక్కడి నైస్ సంస్థ తన మార్గదర్శకాలను మార్చి, అటువంటి వ్యాయామ కార్యక్రమాన్ని ఈ రోగులకు ఇవ్వరాదని చెప్పింది. అదే నెలలో ఇంగ్లండులో 27 ఏళ్ల యువతి ఒకరు ఈ వ్యాధి తీవ్రరూపం వల్ల తిండి తీసుకోలేని స్థితిలో పోషకాహార లోపంతో మరణించారు. 2024లో విచారణ జరిపిన అధికారిణి, ఇటువంటి రోగులకు ప్రత్యేక పడకలు లేవనీ, వైద్యులకు శిక్షణ చాలా తక్కువనీ ప్రభుత్వానికి వ్రాశారు.

సమస్య వైద్యుల దుర్బుద్ధి కాదు. వారికి ఎవరూ నేర్పలేదు. 2015 నాటి ఆ అమెరికా నివేదికే, తమ దేశపు వైద్య కళాశాలల్లో మూడింట ఒక వంతు కంటే తక్కువ మాత్రమే ఈ వ్యాధిని పాఠ్యాంశంగా బోధిస్తున్నాయని చెప్పింది. రోగుల్లో 84 నుండి 91 శాతం మందికి వ్యాధి నిర్ధారణే జరగలేదని అంచనా వేసింది. అంతటి దేశంలో అలా ఉంటే మన సంగతి వేరే చెప్పాలా?

మన డెల్టాకు ఈ విషయం దూరపు కథ కాదు. ఈ వ్యాధి చాలామందిలో ఏదో ఒక అంటుజ్వరం వెనుకనే మొదలవుతుంది. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా 2006లో దేశమంతా పాకి, 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఆ జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్లు పట్టేసి మూలుగుతూ కూర్చున్నవారు మన వీధుల్లో అందరికీ గుర్తే. ఆ తరువాత డెంగీ, ఆపైన కోవిడ్. ఆస్ట్రేలియాలోని డబ్బో అనే ఊరి ప్రాంతంలో 253 మంది జ్వరపీడితులను వెంబడించి చూసిన పరిశోధన 2006లో వెలువడింది. అందులో రాస్ రివర్ జ్వరం వచ్చినవారూ ఉన్నారు. అది కూడా దోమ కాటుతో వచ్చేదే, చికున్‌గున్యాకు దగ్గరి బంధువు. ఆరు నెలలకు వారిలో 11 శాతం మంది ఈ వ్యాధి లక్షణాలకు సరిపోయారు. మొదటి జ్వరం ఎంత తీవ్రమైతే ముప్పు అంత ఎక్కువని తేలింది. రోగి మనస్తత్వం దానిని నిర్ణయించలేదు.

ఇక్కడ తొందరపాటు కూడా తగదు. నీరసమన్న ప్రతి స్త్రీకీ ఈ వ్యాధే అనరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్, మధుమేహం, క్షయ, మూత్రపిండాల జబ్బు, కుంగుబాటు, వీటన్నింటినీ ముందు వెదకవలసిందే. అయితే అక్కడితో ఆగరాదు. గోవాలో సుమారు 2,500 మంది స్త్రీలపై జరిపి 2005లో ప్రచురించిన సర్వేలో 12 శాతం మంది ఆరు నెలలకు మించిన అలసట చెప్పారు. ఆ అలసటకూ రక్తహీనతకూ సంబంధం కనబడలేదు. ఐరన్ మాత్రలతో తేలే లెక్క కాదది.

ఈ విషయంలో మదరసా ఉపాధ్యాయునికి ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. రోగి మొదట మా వద్దకు తెచ్చే ప్రశ్న నమాజు, రోజాల గురించే. నిలబడి నమాజు చేయలేనివారు కూర్చుని, అదీ చేతకానివారు పడుకుని చేయవచ్చునన్న దైవప్రవక్త (స) బోధన హదీసు గ్రంథాలలో సుప్రసిద్ధం. బఖరా సూరాలో రోగికి రోజా విషయంలో ఇచ్చిన సడలింపు అందరూ ఎరిగినదే. కాని ‘నేను రోగిని’ అని నిర్ణయించేదెవరు? మదరసాలలో తొలి తరగతుల్లోనే చదివించే ‘నూరుల్ ఈజాహ్’ దీనికి రెండు ఆధారాలు చెబుతుంది. రోజా వల్ల హాని కలుగుతుందన్న భయం రోగి స్వానుభవంపైన ఆధారపడవచ్చు, లేదా ధర్మబద్ధుడైన నిపుణ ముస్లిం వైద్యుని మాటపైన ఆధారపడవచ్చు. మన ఫుఖహాలు రోగి అనుభవాన్ని సాక్ష్యంగా స్వీకరించారు. దానిని కొట్టిపారేసే అధికారం అత్తగారికి లేదు, నాబోటి మౌల్వీకి అంతకన్నా లేదు. వైద్యుని విషయంలో వారు కోరిన ‘హాజిఖ్’ అన్న గుణానికి అర్థం తన విద్యలో ఆరితేరినవాడని. ఈ వ్యాధి పేరే వినని వైద్యుడు “ఏమీ లేదు” అంటే, ఆ మాటపై ఆధారపడి ఒక స్త్రీ నెలంతా ఉపవాసముండి మంచాన పడితే, ఆ భారం ఎవరిది? వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన హానికి జవాబుదారి అన్న అర్థంలో అబూ దావూద్ సంకలనంలో హదీసు ఉంది. దానిని బోధించేటప్పుడు విద్యార్థులు నాటువైద్యులను ఊహించుకుంటారు. డిగ్రీలున్నవారికి కూడా అందులో ఆలోచించుకోవలసిన విషయం ఉందని నేను వారికి చెబుతాను.

మన చేతికందే చోట చేయదగిన పని చాలా ఉంది. విజయవాడలో 1980 నుండి సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది, 1986 నుండి ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. వైద్యుల సంఘాలు జరుపుకునే పునశ్చరణ తరగతుల్లో ఒక గంట దీనికి కేటాయిస్తే ఖర్చేమీ లేదు. జెన్నిఫర్ బ్రియా అనే రోగి మంచం మీద నుండే తీసి, 2017లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతి పొందిన ‘అన్‌రెస్ట్’ చిత్రాన్ని అమెరికాలో వైద్యులకు బోధించడానికి కూడా వాడారు. మన విద్యార్థులకూ చూపవచ్చు. పల్లెలో మొదట చేయి పట్టుకుని చూసేది ఆర్.ఎం.పి. గనుక, ఇల్లిల్లూ తిరిగేది ఆశా కార్యకర్త గనుక, వారిని వదిలి పెద్ద డాక్టర్లకు మాత్రమే నేర్పితే డెల్టాలో ఫలితముండదు. వారికి ఒక్క ప్రశ్న నేర్పినా చాలు: “పని చేసిన మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉంటున్నది?” ఒక పరీక్ష కూడా ఉంది. రోగిని కాసేపు పడుకోబెట్టి నాడి, రక్తపోటు చూడాలి. తరువాత గోడకు ఆనించి పది నిమిషాలు నిలబెట్టి నిమిషనిమిషానికీ మళ్లీ చూడాలి. పెద్దవారిలో నాడి 30కి పైగా పెరిగి అలాగే నిలిస్తే అది శరీరం చెబుతున్న సాక్ష్యం. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా గోడ, గడియారం, రక్తపోటు యంత్రం ఉంటాయి.

దీనిని పూర్తిగా నయం చేసే మందు ఈనాటికి లేదు. ఉన్న శక్తిని హద్దు దాటకుండా వాడుకోవడమే ప్రస్తుతానికి ఉపాయం. నీరు తక్కువైన ఏడు కాలువకు వంతులు వేసుకున్నట్లే. వుజూకు పీట వేసుకోవడం, వంట కూర్చుని చేయడం, తరావీహ్‌ను చేతనైనన్ని రకాతులకే పరిమితం చేసుకోవడం, బాగున్న రోజున కూడా పని పోగేసుకోకపోవడం, ఇవన్నీ అందులో భాగాలే. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు రెండు వారాల పాటు ఏ రోజు ఏ పని చేశారో, తరువాతి రెండు రోజులు ఎలా గడిచాయో ఒక కాగితం మీద వ్రాసుకుని తీసుకువెళ్లండి. చూపడానికి ఇంటి నుండి ఒకరిని వెంట తీసుకువెళ్లండి, వీలైతే నమ్మని మనిషినే.